మూడో గది నల్లులు

నవంబరు 6, బుధవారం

దీపం పెట్టి లేచేసరికి హేమ గుమ్మంలో. మూడో గది పిల్ల. రెండు చేతులూ చాపి చూపించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రటి దద్దుర్లు, వరసగా.

‘దోమలు కావు పెద్దమ్మా. దోమైతే ఇలాగ లైను కట్టి కుట్టదు కదా.’

దీపావళికి పిల్లలు ఇళ్లకి వెళ్లేటప్పుడు లేవు. తిరిగొచ్చి ఎన్నాళ్లయిందని.

పైకి వెళ్లాను. పరుపు తిరగేసి కుట్టు వెంబడి వేలు పోనిచ్చాను. ఉన్నాయి. నల్లులు.

ఈ మేడ మీద కాలేజీ ఆడపిల్లల్ని అద్దెకి పెట్టుకున్నాక బొద్దింకలు చూశాను, ఎలుకలు చూశాను. బోరిక్ పొడి, పంచదార ఉండలు చేసి మూలల్లో పెట్టాను, తూములకి జాలీలు వేయించాను, సర్దుకున్నాయి. ఇవి మాత్రం ఇదే మొదలు.

ఒకదాన్ని నలిపాను. కార్తీకం... ఆ వేళ్లతో వత్తి చెయ్యబుద్ధి కాలేదు. సబ్బు పెట్టి కడిగాను. వాసన పోదు.

నవంబరు 7, గురువారం

తమ్ముడు సూరికి చెప్పాను. కింద షామియానా కొట్టులో ఉన్నాడు, కుర్చీలు వ్యాను ఎక్కిస్తూ. ముహూర్తాల రోజులు. నా వైపు చూడకుండానే—

‘ఏ గదప్పా?’

‘మూడోది.’

‘ఇంకేటి, నీలవేణి ఉన్న గదే కదా. వారం వారం ఆసుపత్రి బెంచీల మీద తొంగుని వత్తాది. ఆ బ్యాగుతోటే తెచ్చీసింది.’

నీలవేణి తండ్రికి పలాసలో డయాలసిస్. వజ్రపుకొత్తూరు దగ్గర ఊరు వాళ్లది. తల్లి కూలి మానితే పూట గడవదు. అందుకని ఈ పిల్లే వెళ్లి తండ్రి పక్కన కూర్చుంటుంది. కూర్చుని చదువుకుంటుంది.

ఆ మాటకి సూరికి జవాబు చెప్పాలి. నా పెదాల మీద నామం నడుస్తోంది. ఆపలేదు.

నవంబరు 8, శుక్రవారం

మాట అన్ని గదులకీ పాకింది. హేమ తన మంచం అవతలి గోడకి లాక్కుంది. నీలవేణి చెప్పులు ఎవరో తీసుకెళ్లి మెట్ల కింద పడేశారు. టిఫిను దగ్గర బెంచీ మీద తను ఒక్కర్తే.

వెళ్లి పక్కన కూర్చున్నాను. ఉప్మా ముట్టలేదు.

‘పెద్దమ్మా, నాకూ కుట్టినాయి. నన్నెవులూ సూడరేటి?’

జడ పక్కకి తీసి మెడ చూపించింది. హేమ చేతుల కంటే ఘోరం.

సహస్రనామం చదువుతూ రెండు చోట్ల తప్పాను. కోపం. ఎవరి మీదో ఇంకా తెలియదు.

నవంబరు 9, శనివారం

సూరి జీడితోట నుంచి స్ప్రే పంపు తెప్పించాడు. మందు డబ్బా కూడా. తోటకి కొట్టేది.

‘గదులన్నిటికీ ఒక్కపాలి కొట్టీసి తలుపులేసీద్దాం. పిల్లల్ని సాయంత్రం దాకా కాలేజీలో ఉండమను.’

‘రేత్రికి అక్కడే తొంగోవాల్రా.’

‘వాసనుంటాది. కిటికీలు తీసుకుంటారు.’

‘పరుపుకి మొకం ఆనించి తొంగుంటారు.’

‘నువ్వు మరీ అప్పా. తోటలో కూలోలు కొట్టడం నేదేటి? ఎవులైనా సచ్చిపోనారా?’

ఉద్దానం పక్కన ఉండి ఆ మాట అంటాడు. ఎవరి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పని చోట.

వాడు టీకి వెళ్లినప్పుడు పంపు మూతి తిప్పి తీశాను. దేవుడి గూట్లో పటాల వెనక పెట్టాను. అక్కడ నేను తప్ప ఎవరూ చెయ్యి పెట్టరు. దేవుడు క్షమించాలి. క్షమించకపోయినా అది అక్కడే ఉంటుంది.

నవంబరు 10, ఆదివారం

పంపు మూతి దొరక్క సూరి మందు కొట్టలేదు. పిల్లలందరికీ సెలవు. పని మొదలు.

నీళ్లు మరగాలి. గిన్నెలతో తెమిలే పని కాదు. కొట్టు తాళంచెవి నా దగ్గర ఒకటి ఉంటుంది. పెళ్లిళ్లకి పప్పు కాచే పెద్ద గుండిగ బయటికి లాగించాను. పెరట్లో రాళ్ల పొయ్యి. దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు, అన్నీ దాంట్లోకి. ఇనప మంచాల గొట్టాల్లోకి, అతుకుల్లోకి మరిగే నీళ్లు.

సూరి బండి దిగుతూనే అరిచాడు.

‘అప్పా! పెళ్లి గుండిగలో దుప్పట్లా! రేపు దాన్లోనే సాంబారు కాయాల!’

‘తోమిత్తాన్లే.’

‘ఎవులైనా సూత్తే కొట్టు మూసుకోడవే!’

హేమ కర్ర పెట్టి దుప్పట్లు తిప్పుతోంది. ‘మావయ్యా, ఓపాలి ఉప్పు సూడండి, సరిపోనాదో నేదో.’

పిల్లలంతా ఒకటే నవ్వు. తీగ దగ్గర ఒక్కర్తే బట్టలు ఆరేస్తున్న నీలవేణి కూడా నవ్వింది. వెంటనే ఆపుకుంది. హేమ వైపు చూడలేదు.

నవంబరు 11, సోమవారం

ఉపవాసం. మేడ మీద ఎండకి పరుపులు. మంచు ఆరాక పరిపించి, పైన నల్ల టార్పాలిన్ కప్పించాను. లోపల సెగ పుట్టాలి.

కప్పే ముందు నీలవేణి పరుపు అంచు కుట్టు విప్పాను, ఎంత లోపలికి వెళ్లాయో చూద్దామని. దూదిలోంచి పసుపు బియ్యం రాలాయి. తలంబ్రాలు.

రెండో పరుపు విప్పాను. వాడిపోయిన కనకాంబరాల దారం. మూడోదానికి కిళ్లీ మరక, కింది వైపుకి తిప్పేసి ఉంది.

మేడ మీద అలాగే కూర్చుండిపోయాను.

దీపావళికి పిల్లలు లేరు. నేనూ లేను, సోంపేటలో చెల్లెలింట్లో. అప్పుడే కోటబొమ్మాళిలో పెద్ద పెళ్లి. సూరికి పరుపులు చాల్లేదు. పైకొచ్చి పట్టుకెళ్లాడు. మగపెళ్లివారు దొర్లారు. తెచ్చి మళ్లీ మంచాల మీద పరిచేశాడు. ఆడపిల్లలు పడుకుని చదువుకునే మంచాల మీద.

సాయంత్రం గుళ్లో దీపం. ప్రమిద నిండి ఒలికిందాకా నూనె పోశాను.

నవంబరు 12, మంగళవారం

అడిగాను. ఒప్పుకున్నాడు. ఎంత తేలిగ్గా.

‘ఒక్క రేత్రికే కదప్పా. ఖాళీగానే పడున్నాయి కదా. పెతీ యేడూ సెలవులకి తీత్తన్నాను. ఇన్నాళ్లూ ఏటీ కానేదు.’

ప్రతీ ఏడూ!

‘అయితే పిల్లలకి సెప్పు. నీలవేణి వల్ల కాదు, నా వల్లే అని సెప్పు.’

‘ఏటి సెప్పాల? సూరిబాబు పరుపుల్లో నల్లులున్నాయనా? మాఘమాసం దాకా బుకింగులున్నాయి నాకు. ఆ గుంట సదువైపోతే ఎలిపోతాది. నాను ఈ ఊళ్లోనే బతకాల.’

అమ్మ పోయాక చంకనేసుకుని తిప్పాను వీణ్ణి. చెంప పగలగొట్టాలనిపించింది. ఈ వయసులో, ఈ నెలలో, స్నానం చేసిన చేత్తో.

కొట్టలేదు.

నవంబరు 13, బుధవారం

క్షీరాబ్ది ద్వాదశి. పెరట్లో తులసికోట కడుగుతున్నాను. ముందు వైపు నుంచి నీలవేణి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. నాకు తెలియలేదు. నాకు చెప్పొద్దన్నాడట సూరి.

హేమ వచ్చి చెప్పింది. అందరూ టిఫిను తింటుండగా అన్నాడట. ‘పరీక్షలయ్యే దాకా ఇంటికాడ నుంచి రా అమ్మా. మిగతా పిల్లలకి ఇబ్బందవుతంది.’ అమ్మా అని కూడా అన్నాడట.

ఊరి నుంచి పలాస ఒక బస్సు. పలాస నుంచి ఇక్కడికి, టెక్కలికి, ఇంకో బస్సు. మధ్యలో తండ్రి ఆసుపత్రి. పరీక్షలు వచ్చే నెల మొదట్లోనే. ఎప్పుడు చదువుతుంది? ఒక్క పేపరు పోతే ఫీజు కట్టడం మానేసి పెళ్లి సంబంధం చూస్తారు ఆ ఇంట్లో. తనే చెప్పింది ఒకసారి.

ఉసిరి కొమ్మ నాటాను. దీపాలు పెట్టాను. వ్రతకథ చదవలేదు.

నవంబరు 14, గురువారం

సూరి భోజనానికి వచ్చాడు. వడ్డించాను. ‘పులుసులో ఉప్పు నేదేటప్పా?’ లేదు. నేనే వెయ్యలేదు.

నవంబరు 15, శుక్రవారం. పౌర్ణమి

సాయంత్రం పిల్లలంతా పెరట్లో దీపాల దగ్గర. కొట్టు వెనక తలుపు తీసే ఉంది. సూరి లోపల గ్లాసులు లెక్కపెట్టిస్తున్నాడు.

హారతి అయ్యాక చెప్పాను. గొంతు పెంచలేదు. ‘నల్లులు నీలవేణి తేలేదు. మన పరుపులు పెళ్లికెళ్లొచ్చినాయి.’ కొంగున కట్టుకున్న పసుపు బియ్యం పళ్లెంలో పోశాను.

కొట్టులో గ్లాసుల చప్పుడు ఆగింది.

‘పెళ్లికా? మన పరుపులకి పిలుపొచ్చిందేటి?’ ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

హేమ ఏడుపు. ‘దాని సెప్పులు నానే పడీసినాను పెద్దమ్మా.’ అక్కడికక్కడే ఫోన్ చేసింది. మోగింది, మోగింది. ఎత్తలేదు.

పిల్లలు వెళ్లాక వాడు వచ్చాడు.

‘నన్ను బజార్లో నిలబెట్టీసినావప్పా.’

‘నువ్వు దాన్ని నిలబెట్టినావు.’

ఆరిన ప్రమిదలు ఏరడం మొదలుపెట్టాను. అనడానికి చాలా ఉంది.

నవంబరు 17, ఆదివారం

నీలవేణి ఊరు వెళ్లొచ్చాను. పలాసలో బస్సు మారాను. జీడితోటలు, ఆ తర్వాత కొబ్బరి, ఆ తర్వాత ఉప్పుగాలి.

తండ్రి నులక మంచం మీద. కాళ్లు పొంగి ఉన్నాయి. నాకు బొండం కొట్టించాడు.

‘తాగండమ్మా. నాను తాగకూడదు. సూత్తాను.’

ఆయన చూస్తుండగా తాగాను.

నీలవేణి అరుగు మీద, ఒళ్లో పుస్తకం. మొత్తం చెప్పాను. పరుపులు, పెళ్లి, వాడు, పౌర్ణమి నాడు పిల్లల ముందు నేను చెప్పింది. విన్నది. పుస్తకం మూసింది.

‘మీరు పిలిస్తే రాననేటి పెద్దమ్మా. కానీ సూరి మావయ్య రావాల. అందరూ తింతంటే నన్ను ఎల్లిపొమ్మన్నాడు. తనే వొచ్చి రమ్మనాల.’

తల్లి లోపల్నుంచి కసిరింది. ‘ఒలే! పెద్దోలితో అలాగేనా మాటాడతావు? వొచ్చినామెతో ఎల్లిపో!’

‘ఎల్లనమ్మా.’

‘తప్పేటీ నేదు, ఉండనీ’ అన్నాను తల్లితో.

తిరుగు బస్సులో జపం సాగలేదు. ఆ మాట దానికి ఎవరు నేర్పారు? యాభై దాటాయి, నాకు ఇంతవరకూ నోటికి రాలేదు.

నవంబరు 18, సోమవారం

సూరికి చెప్పాను.

‘నానెల్లి ఓ గుంటని బతిమాలాలా?’

‘బతిమాలొద్దు. పిలు.’

‘కాళ్లు కూడా పట్టుకోమందేటి?’

‘అననేదు. అంటే అప్పుడు సూద్దాం.’

కంచం తోసేసి లేచాడు. ఉప్పు సరిగ్గానే వేశాను ఈసారి.

నవంబరు 20, బుధవారం

గోడ పగుళ్లకి వైట్ సిమెంటు. స్విచ్ బోర్డుల అంచులకి కూడా. అక్కడ దూరతాయి. మంచాలు గోడకి జానెడు ఎడం. సంచులు నేల మీద కాదు, కొక్కేలకి. పరుపులకి జిప్పు గలీబులు కుట్టించాను. ఊరి నుంచి వచ్చిన బట్టలు ముందు వేడినీళ్లలోకి, తర్వాతే గదిలోకి — ఎవరివైనా సరే, నావైనా సరే. ఆదివారం ఆదివారం టార్చి పట్టి కుట్లు చూడడం. పరుపు గడప దాటకూడదు.

హేమ చెప్పకుండానే చేస్తోంది అన్నీ. నీలవేణి మంచం తనే కడిగింది, రెండుసార్లు.

మూడో గదిలో కుట్టడం లేదు. నా కోపం మాత్రం తగ్గలేదు. తగ్గమని అడగడం లేదు కూడా, ఎవర్నీ.

నవంబరు 23, శనివారం

రేపు ముహూర్తం. మధ్యాహ్నం సూరి ఇద్దరు కూలీలతో మెట్ల దగ్గరికి వచ్చాడు. పిల్లలు కాలేజీలో ఉన్నారని. పరుపుల కోసం. మళ్లీ!

మెట్టు మీద కూర్చున్నాను. సహస్రనామం తెరిచాను.

‘లెగప్పా.’

చదువుతున్నాను.

‘పార్టీ ఫోన్ల మీద ఫోన్లు సేత్తన్నారు. ఎండలో ఏసి తెచ్చెత్తాను, ఒట్టు.’

చదువుతున్నాను.

‘కూలోలు నవ్వుతన్నారప్పా!’

నవ్వనీ.

నిలబడ్డాడు, అటూ ఇటూ తిరిగాడు, వెళ్లాడు. పరుపులు లేకుండానే. ఎక్కడ దాకా చదివానో చూసుకుంటే, ఒకే పేజీ. ఇంత కోపంతో చదివితే పుణ్యం వస్తుందా... తెలియదు.

నవంబరు 25, సోమవారం

ఆఖరి కార్తీక సోమవారం. ఉపవాసం.

నౌపడ నుంచి తండ్రీ కూతురూ వచ్చారు, మంచం ఖాళీ ఉందా అని.

‘ఉన్నాది’ అన్నాడు సూరి.

‘నేదు’ అన్నాను.

ఆయన వాడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. కూతురి చెయ్యి పట్టుకుని ‘మళ్లీ వత్తాం లెండి’ అన్నాడు. వెళ్లిపోయారు.

ఉపవాసంలో అబద్ధం. అనుకుని ఆడాను. రేపు అడిగినా అదే చెప్తాను.

సూరి కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నేను బిందె కుళాయి కింద పెట్టాను.

‘పరీక్షలెప్పుడప్పా ఆ గుంటకి?’

‘వచ్చే సోమారం.’

‘దాని బాబు ఎలాగున్నాడు?’

‘కాళ్లు పొంగినాయి.’

చెప్పులేసుకున్నాడు. బండి తాళం తీసుకున్నాడు. ఎక్కడికని అడగలేదు. అడిగితే ఆగిపోతాడేమో. లేకపోతే నాకు నచ్చని జవాబు చెప్తాడేమో. హైవే ఎక్కితే ఒక వైపు పలాస, ఆ పిల్ల ఊరు. ఇంకో వైపు శనివారం పరుపులు దొరక్క గొడవపడిన పెళ్లి పార్టీ.

బండి చప్పుడు మలుపు దాకా.

కుళాయి కట్టేసి విన్నాను, ఎటు తిరిగిందోనని. లారీలు. అన్నీ లారీలే.