ముందు గాలి, తర్వాత నిప్పు

మంగళవారం, పద్దెనిమిదో తేదీ
ఆసుపత్రి వరండా నుంచి

బావమరిదికి,

మీ అక్క, పిల్లలు, నేను క్షేమం. అక్కడ మీరంతా బాగుండాలి. మర్యాదలు అయ్యాయి కాబట్టి ఇక తగువులోకి వస్తాను.

గురువారం నువ్వు సంతకం పెట్టబోయే విచారణ నివేదిక నకలు నా చేతికొచ్చింది. "మిషన్‌లో లోపం లేదు. ఆపరేటర్ గాలి పీడనం చూసుకోలేదు." అంతే. చెయ్యి కాలినవాడి ఉద్యోగం కూడా ఊడగొట్టడానికి రెండు వాక్యాలు చాలాయా?

ఆ ఆపరేటర్ నీకు పరాయివాడా? చెవుల్లో ఎప్పుడూ మోత వినపడకుండా పెట్టుకునే బిళ్ళలుంటాయని, ఎవరు పిలిచినా "ఏంటీ?" అంటాడని ఏంటయ్య అని పేరు పెట్టిందే నువ్వు.

గౌజింగ్ పని నీకు నేర్పింది నేను. కార్బన్ కడ్డీ మంట ఇనుమును కరిగిస్తుంది, వెంటే గాలి ఆ కరుగును ఊదేస్తుంది, పాత వెల్డింగు లేచిపోయి అక్కడ గాడి పడుతుంది. గాలి లేకపోతే కరుగు అక్కడే మడుగు కడుతుంది. అందుకే "ముందు గాలి, తర్వాత నిప్పు" అని నీచేత వందసార్లు అనిపించాను. కుర్చీ ఎక్కగానే మర్చిపోయావు.

చేత్తో చేసే రోజుల్లో ఇద్దరం ఉండేవాళ్ళం. ఒకడు కడ్డీ పట్టుకుంటే, రెండోవాడు గాలి గేజీనీ, నిప్పురవ్వలు పడే చోటునీ కనిపెట్టేవాడు. పట్టాల మీద తనంతట తానే నడిచే మిషన్ వచ్చింది, రెండోవాణ్ణి పీకేశారు. అన్నీ మిషనే చూసుకుంటుందట! మరి గేజీ ఎక్కడుంది? పట్టాకు ఇరవై అడుగుల దూరంలో, స్తంభం వెనక. ముఖానికి నల్లద్దం దించుకున్నవాడు స్తంభంలోంచి చూడాలా?

ఆ రోజు పక్క షెడ్డువాళ్ళు అదే గాలి లైను మీద తుప్పు వదిలించే ఇసుక కొట్టడం మొదలుపెట్టారు. మనకు గాలి పడిపోయింది. మిషన్ ఆగలేదు. ఏంటయ్య ఆపే బటన్ కోసం వంగాడు. అంతలో గాలి తన్నుకొచ్చింది, మడుగంతా ఎగిరి గ్లౌజులోకి జారింది. బటన్ మంట దగ్గర కాదు, దూరంగా ఉండాలని రెండేళ్ళుగా యూనియన్ కరపత్రాలు రాస్తున్నాను. అవి మీ మేనేజరు టీ గ్లాసుల కింద ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మీరు అదీ చేయలేదు. కాలింది చేసేవాడి చెయ్యి కదా!

రెండోమనిషిని తీసేశారని రాయి, గేజీ ఎక్కడుందో రాయి. రాయకపోతే మా గుమ్మం తొక్కకు. మీ అక్క కాఫీ ఇస్తే వీధిలో నిలబడి తాగు.

కోపం తగ్గని
నీ బావ

తా.క. కవరు అంటించేముందు ఇది ఏంటయ్యకు చదివి వినిపించాను. "బాగా రాశావన్నా, నీ తీగ సంగతి రాయకపోవడమే మంచిదైంది" అన్నాడు.

గాలి తగ్గితే మిషన్‌ను ఆపే స్విచ్చు ఒకటుంది కదా. అది రోజూ పదిసార్లు ఆపేది. ఆగినచోటల్లా గాడిలో గుంట పడేది. ఆ గుంటల్ని గ్రైండరుతో సరిచేయలేక అతను చస్తుంటే, నేనే స్విచ్చు పనిచేయకుండా దానికి అడ్డంగా తీగ కట్టాను. "ఏం కాదులే, నేనున్నాగా" అన్నాను. మిగతావాళ్ళు అతన్ని మోసుకెళ్తున్నప్పుడు స్విచ్చు మూత తెరిచి ఆ తీగ పీకి జేబులో వేసుకున్నాను. అందుకే మీకు లోపం కనిపించలేదు.

అతనికి మొదటినుంచీ తెలుసు. విచారణలో నోరు విప్పలేదు. ఎందుకని అడిగితే, "నా చెయ్యి ఎలాగూ పోయింది. నువ్వూ పోతే మాకోసం కొట్లాడేదెవరన్నా?" అన్నాడు.

తీగ ఇందులోనే పెడుతున్నాను, వేలెడంత ఉంది. పైన రాసినదాంట్లో ఒక్క ముక్క వెనక్కి తీసుకోను. దీన్నీ దాని పక్కనే రాయి. సంతకానికి ముందు నన్ను పిలిపించు.