హమూద్ పెళ్లికి దీపాలు

ఒరే ముక్బిల్, సలాం! జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. అటక మీంచి దీపాల దండలు దించి, ఎలకలు కొరికిన తీగలు అతికిస్తూ కూచున్నా.

"మా అన్న కొడుకు పెళ్లి ఇంట్లోనే కానిచ్చెయ్, షామియానా వద్దు, దీపాలొద్దు" అని రాశావు. నీ భయం నాకు తెలీదా? మీ అన్న పక్కూరి పెళ్లి షామియానాలో చిందులేస్తుంటేనే కదా బాంబు పడి పోయాడు. నువ్వు డోలు మూలన పెట్టి ఏడెన్ పట్నం వెళ్లిపోయావు. విమానాలు రావడం ఆగినా మన వీధిలో ఏ పెళ్లికీ దీపం వెలగలేదు.

వేసింది పొరుగు దేశమే, కానీ సరుకు అమెరికాది. ఆ బాంబు ముక్క మీద అక్షరాలు నువ్వే చూపించావు. లోకంలో ఆయుధాలు అందరికంటే ఎక్కువ అమ్మేది వాళ్లేనట. అమ్మాక మాకేం సంబంధం అంటారు. నేనూ వ్యాపారినే రా! నా షామియానా కూలి ఎవడి తలైనా పగిలితే, "అద్దెకిచ్చానంతే" అంటే మీరు ఊరుకుంటారా?

నిన్న పెళ్లికొడుకు హమూద్ మా కొట్టుకి వచ్చాడు. "బాబాయ్, నాన్న పెళ్లికి కట్టిన దండలే నాకూ కట్టు" అన్నాడు. భయం లేదా అంటే, "వాళ్లు బాంబులు అమ్ముకుంటున్నారని మనం పెళ్లిళ్లు దాచుకోవాలా?" అన్నాడు. వెంటనే అటకెక్కా.

అందుకే వీధి పొడుగునా కడుతున్నా. మా ఆవిడ తేనె రొట్టెలకి పిండి సిద్ధం చేస్తోంది. పక్కూళ్లో డోలు వాయించేవాళ్లున్నారు, పిలవలేదు. హమూద్‌కి నాన్న లేడు, పెళ్లికొడుకు ముందు వాయిస్తూ నడవాల్సింది నువ్వే. డోలు తోలు వదులైపోయుంటుంది, మా పొయ్యి దగ్గర సెగ చూపిద్దాం. పెళ్లి గురువారం. ఎప్పుడొస్తున్నావు?