ఎర్తు గుంత

మార్చి 10, 2008, సోమవారం. వనపర్తి

ఇవాళ ట్రైనింగులో చేరాను. మూడు నెలల కోర్సు. కొత్తగా కట్టే బిల్డింగుల్లో ఎలక్ట్రికల్ వైరింగు. తిండి, పడక ఇక్కడే. చివర సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే హైదరాబాదులో కన్‌స్ట్రక్షన్ కంపెనీలు తీసుకుంటాయట.

గద్వాలలో బస్సెక్కేటప్పుడు నాయన రాలేదు. మగ్గం గుంతలోంచి లేవనే లేదు. మాది చీరలు నేసే ఇల్లు. పట్టు అంచు కలిపేటప్పుడు పక్కన ఇంకొకడు కూర్చోవాలి, ఆ ఇంకొకణ్ని నేను. గుంతల కూసునే ఓపిక లేనోనికి గోడలెక్కే ఓపిక యాడుంటదో నేనూ సూస్త అన్నాడట నాయన. అమ్మ చెప్పింది. చూడనీ. ఇరవయ్యేళ్లకే మోకాళ్లు పట్టేశాయి నాకు. నిలబడి చేసే పని కావాలి. నాలుగు అడుగులు అటూ ఇటూ తిరిగే పని కావాలి. అంతే.

మార్చి 19

దానియేలు సారు మాకు నేర్పే ఇన్‌స్ట్రక్టరు. చాలా ఏళ్లు సైట్ల మీద పనిచేసి వచ్చిన మనిషి. ఎడమచేతి రెండు వేళ్లు వంగవు, షాకు తిన్న చెయ్యి. మొదటి రోజే ఆ చెయ్యి పైకెత్తి చూపించి, కరెంటుకు చుట్టరికం తెల్వదురా పిల్లలూ అన్నారు.

చెక్కబోర్డు మీద వైరింగు చేస్తాం. స్విచ్చు వేసే టైముకు కరెంటు పోతుంది. రోజూ ఇదే తంతు. బల్బు వెలిగేదో లేదో తెలియకుండానే మార్కులు పడుతున్నాయి. పక్క మంచం ఆసిఫ్, వాడిది నాగర్‌కర్నూలు, వాళ్ల అబ్బాజాన్‌కు సైకిల్ షాపు. మనం ఎలక్ట్రీషియన్లం గాదు భాయ్, తీగెలు అల్లేటోళ్లం అంటాడు. అల్లడం వద్దనే కదా ఇక్కడికి వచ్చింది. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 11

నిద్ర పట్టదు. సైటుకు ఎప్పుడు పంపిస్తారు?

ఏప్రిల్ 21. గద్వాల

పంపించారు! జోడీకి ఒక సైటు, ఇద్దరిలో ఒకరి ఊరికి దగ్గర్లో. మాకు గట్టు మండలం దాటాక ఒక ఊరు. సర్కారు కట్టిస్తున్న కాలనీ ఇండ్లు. ఆసిఫ్ నాకు జోడీ, అందుకని మా ఇంట్లోనే దిగాడు. అమ్మకు నాకన్నా వాడే ఎక్కువైపోయాడు. ఈ పిల్లగాడు జూడు, ఒక్కకాడ కూసోని తింటడు అంటోంది.

పొద్దున్నే బస్సు. దిగితే రాళ్లు, ఎండ, బీడు చెల్కలు. ఊరికి ఒక్కటే బోరింగు, దాని ముందు బిందెల వరుస. మేము గోడలు చెక్కి పైపులు పెడుతున్నాం. ఒళ్లంతా సున్నం, సిమెంటు. హాయిగా ఉంది.

ఏప్రిల్ 27

రాములమ్మ ఇల్లు అన్నిటికన్నా ముందు అయిపోతోంది. మూలమీది ఇల్లు. ఒంటరి మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు, కూలికి పోతుంది. మేము వైరు లాగుతుంటే గడపలో కూర్చుని చూస్తుంది. ఫ్యాను యాడ పెడతరు, దానికిందనే నా మంచం వడాలె, జర కొలిచి పెట్టుండ్రి నాయనా అంది. పెద్దమ్మా, ఫ్యాను నువ్వే కొనుక్కోవాలె, మేము కొక్కెమే పెడతం అన్నాను. కొంట తీ, కొక్కెముంటే ఫ్యాను ఊకుంటదా, అదే వస్తది అంది.

కాలనీకి లైను రాలేదు ఇంకా. స్తంభాలే పాతలేదు. వర్షాల తర్వాత వస్తుందంటున్నారు. ఆమెకు తొందర లేదు. తొందరంతా నాకే.

మే 3

కాంట్రాక్టరుతో గొడవ. ఏ ఒక్క ఇంటికీ ఎర్తింగ్ లేదు. ఇంట్లో ఇనప వస్తువుకు కరెంటు పాకితే అది మనిషిని పట్టుకోకుండా భూమిలోకి దిగిపోవాలి. అందుకోసం గుంత తీసి, ఇనప పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు వేయాలి. సారు ఇది వారం రోజులు నూరిపోశారు. కాంట్రాక్టరేమో, ఈళ్లు ఎలిగిచ్చేది ఒక్క బుగ్గ బల్బు, దానికి గుంత గూడనా అని నవ్వాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నీ ఇంట్లో లేదా ఎర్తింగ్ అని అడిగేశాను. ఆసిఫ్ చొక్కా పట్టి లాగాడు.

సారుకు ఫోన్ చేశాను. నేర్చుకోనీకి ఒక్క ఇంటికి చేసుకోండ్రి, లొల్లి మాత్రం పెట్టుకోకుండ్రి అన్నారు.

మే 5, సోమవారం. అమావాస్య

అమాసనాడు ఇక్కడ మేస్త్రీలు తాపీ పట్టరు. సైటంతా ఖాళీ. అడ్డు చెప్పేవాడు లేడు, ఇంతకన్నా మంచి రోజు దొరకదని ఆసిఫ్‌ను నేనే లాక్కొచ్చాను.

రాములమ్మ ఇంటి వెనక మొదలుపెట్టాం. గడ్డపార దిగితే కదా! అంతా గుండురాయి. పొద్దుగూకే వేళకు ఛాతీ లోతు వచ్చింది. బొగ్గులు ఊరి కొలిమి దగ్గర అడుక్కొచ్చాను. రాళ్లుప్పు గద్వాల నుంచి బస్సులో మోసుకొచ్చాను. పైపు నిలబెట్టి, అవి వరసగా వేసి పూడ్చాం. పక్క గుడిసెలో ఉండే వెంకటన్న మనవణ్ని చంకనేసుకుని చాలాసేపు నిలబడి చూశాడు. ఏం జేస్తుండ్రు అని అడిగితే చెప్పేవాణ్ని. అడగలేదు. నేనూ తల ఎత్తలేదు.

చేతులు బొబ్బలు. ట్రైనింగులో చేరాక ఇవాళే పని చేసినట్టుంది.

మే 6

ఎర్తు గుంత ఎండిపోతే పనిచేయదు. లైను వచ్చేలోపు మట్టి బాగా నానాలి. రోజూ ఒక బిందె పోయమని రాములమ్మకు చెప్పాను. తాగనీకే లేవు, మట్టికి తాపమంటవా అంది. నీ పానానికే పెద్దమ్మా, మరువకు అన్నాను. సరే నాయనా అంది.

మే 10

మరవలేదు! బోరింగు దగ్గర తన వంతుకు వచ్చిన రెండు బిందెల్లో ఒకటి గుంతకే పోస్తోంది, అదీ తెల్లవారకముందే. గంత పొద్దుగాల ఎందుకు అంటే, నీళ్లు మట్టిపాలు జేస్తున్నవని అందరు తిడ్తరు కదా, ఎవ్వలు లేవకముందే పోస్తున్న అంది.

సంబరమేసింది. నా మాట ఇంత గట్టిగా పట్టుకున్నవాళ్లు మా ఇంట్లో కూడా లేరు.

మే 14

వెంకటన్న మనవడికి జ్వరం. తిన్నది కక్కేస్తున్నాడు, కళ్లు పచ్చబడ్డాయి. తాయెత్తు కట్టించారు. దవాఖానకు పోండ్రి అంటే, పోతం పోతం అన్నారు.

20న వనపర్తిలో ఇంటర్వ్యూ. హైదరాబాద్ కంపెనీ వాళ్లు వస్తున్నారు. సైటు పని పూర్తి చేసినవాళ్లనే కూర్చోనిస్తారట. ఇంకా మూడు ఇళ్లున్నాయి. రోజు గడవడం లేదు, పని తెమలడం లేదు. ఆసిఫ్ మాత్రం గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

మే 16

ఆసిఫ్ టీ కొట్టు నుంచి ఉరికొచ్చాడు. రాములమ్మ బాణామతి చేస్తుందని ఊరంతా అంటున్నారట. అమాసనాడు గుంత తీయించి బొగ్గులు, ఉప్పు, ఇనుము పాతించిందంట. కోడి కూయకముందే లేచి నీళ్లు పోసి మంత్రిస్తదంట. గుంతల నీళ్లు ఇంకినకొద్దీ పిల్లగాని పానం ఇంకుతుందంట. రేపు పెద్దమనుషులు కూర్చుంటారట. బాణామతి చేసేవాళ్లకు ముందుపళ్లు ఊడగొడతారు, మంత్రం పలకడానికి నోరు తిరగకుండా. అది తెలియనివాళ్లు మా దిక్కున ఎవరున్నారు.

నవ్వాను. నిజంగానే నవ్వాను. ఆ తర్వాత రాములమ్మ ఇంటికి ఉరికాను.

రాములమ్మను మాతో గద్వాల రమ్మన్నాను. నేనేం తప్పు జేసిన, కట్టుకున్న ఇల్లు ఇడిసి యాడికి వోత అంది. తలుపేసుకుంది.

మే 16, సాయంత్రం ఏడు

సారుకు ఫోన్. పోలీసోళ్లకు నేను చెప్త, నువ్వు మాత్రం ఆ ఊరు దిక్కు పోకు, ఇంటర్వ్యూ ఖరాబు చేసుకోకు అన్నారు. వాళ్లు వచ్చేసరికి ఎంతసేపవుతుంది? పళ్లు ఊడగొట్టడానికి ఎంతసేపు పడుతుంది?

అమ్మ వెళ్లొద్దని ఏడుస్తోంది. నాయన మగ్గం ఆపి, పాతినోనివి నువ్వు, తిప్పలు ఆమెకా అన్నాడు. ఇన్నాళ్లకు ఆయన నాతో అన్న మొదటి మాట ఇదే.

మే 17

వెళ్లాను. ఆసిఫ్‌ను రావద్దన్నాను. వచ్చాడు.

రాములమ్మను ఇంటి ముందర నేలమీద కూర్చోబెట్టారు. కొప్పు ఊడిపోయింది, పెదవి చిట్లింది. చుట్టూ ఊరు. పోలీసులు ఇంకా రాలేదు. ఒకడి చేతిలో తీగెలు కత్తిరించే కటింగ్ ప్లేయర్. నాదే. సైటులో వదిలిపోయిన మా సంచిలోంచి తీశాడు.

నేను ఎర్తింగ్ గురించి చెప్పాను. అరిచి చెప్పాను, చేతులు తిప్పి చెప్పాను. ఇది షాకు కొట్టకుండా పెట్టేదే, పట్నంల ప్రతి ఇంటికీ ఉంటది అన్నాను. వెంకటన్న అరవలేదు. నెమ్మదిగా అడిగాడు. కాలనీకి కరెంటే రాలేదు గద పిల్లగా, స్తంభం లేదు, తీగె లేదు, లేని కరెంటు షాకు ఎట్ల గొడ్తది? బుగ్గ ఎలగని ఇంటికి బిందెడు నీళ్లు ఎందుకు? అమాసనాడే ఎందుకు?

జవాబు ఉంది నా దగ్గర. రేపు వస్తుంది కదా కరెంటు, మేస్త్రీలు లేని రోజు అదే కదా. చెప్పాను కూడా. అక్కడ నిలబడి వింటే నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన మనవడు తల్లి భుజం మీద పచ్చగా వాలిపోయి ఉన్నాడు. ఆయన కోపంగా ఉంటే తిట్టేవాణ్ని. కోపంగా లేడు. భయపడి ఉన్నాడు.

ప్లేయర్ పట్టుకున్నవాడు రాములమ్మ దవడ పట్టాడు. ఆమె నోరు బిగించింది. ఇంకొకడు ముక్కు మూశాడు.

ఎలా వచ్చిందో ఆ మాట నాకు తెలియదు. ఆమెకేం తెల్వదు, బాణామతి పెట్టింది నేను, ఇల్లు మూలకుందని ఈడ పాతిన, నీళ్లు గూడ ఆమెతోని నేనే పోపిచ్చిన అన్నాను.

అందరూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు. దవడ పట్టినవాడు కూడా. నిన్నటిదాకా ఏ పిల్లగా అని పిలిచినవాళ్లు నా కళ్లలోకి చూడటం లేదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఒక్క క్షణం బాగుందనిపించింది.

పెట్టినోడే తీయాలన్నారు. తవ్వాను. ఏదో ఒకటి చదవాలి కదా, సారు బట్టీ పట్టించిందే గొణిగాను. వోల్టేజ్ ఈజ్ ఈక్వల్ టు కరెంట్ ఇంటూ రెసిస్టెన్స్. ముసలివాళ్లు దండం పెట్టుకున్నారు. బొగ్గు, ఉప్పు గోనెసంచికి ఎత్తాను, పైపు పీకాను. పిల్లగాన్ని ఇప్పుడే గద్వాల పెద్ద దవాఖానకు తీస్కపోతెనే ఇరుగుడు పూర్తయితది, పొద్దు గూకితే నా చేతుల లేదు అన్నాను. అది మాత్రం ఊరంతా వినేలా చెప్పాను. అప్పటికప్పుడు జీపు మాట్లాడారు.

తర్వాత పొలిమేర దాకా కొట్టారు. ఆసిఫ్‌కు కూడా పడ్డాయి. బస్సులో కండక్టరు పైపుకు లగేజీ టికెట్ కొట్టాడు.

మే 20

ఇంటర్వ్యూ ఇవాళే. మేమిద్దరం మా వాకిట్లో కూర్చుని ఉన్నాం. ఆ ఊళ్లో సైటు ఆగిపోయింది, మాకు సర్టిఫికెట్ రాదు. వచ్చే బ్యాచ్‌లో మళ్లీ కూర్చోబెడతానని సారు అన్నారు. అంటూనే, నిజం చెప్పి ఉండాల్సింది గదరా అన్నారు. చెప్పిన సార్, ముందు అదే చెప్పిన అన్నాను.

ఆసిఫ్ నన్ను తిట్టినా బాగుండేది. పొద్దున బస్సుకు నాగర్‌కర్నూలు వెళ్తాడు.

మే 29

పిల్లవాడికి తగ్గింది. పచ్చకామెర్లట. దవాఖానలో సెలైన్లు ఎక్కించి, మందులిచ్చి పంపారట. ఆ ఊరి టీ కొట్టతను సంతలో కనిపించి చెప్పాడు, నాకు కొంచెం దూరంగా నిలబడి. గోనెసంచి పొలిమేర దాటంగనే పిల్లగాడు అన్నం అడిగిండంట అన్నాడు. డాక్టరు ఊసే లేదు.

చెయ్యి నోట్లో పెట్టుకుని కొరుక్కున్నాను. పిల్లవాడు బతికాడు. చాలు.

జూన్ 6

మగ్గం గుంతలో కూర్చున్నాను. నాయన పక్కకు జరిగాడు. అంచు కలుపుతున్నాం. పోగు తెగితే నన్ను తిట్టడం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

ఊరు ఊరంతా ఏమైనా అనుకోనీ. ఒక్క మనిషికి నిజం తెలుసు. ఆ గుంత ఎందుకు తీశానో, ఆ మాట ఎందుకు అన్నానో రాములమ్మకు తెలుసు. కాళ్లు తిమ్మిరెక్కినప్పుడల్లా అది తలచుకుంటున్నాను. అప్పుడు కొంచెం కుదురుగా కూర్చోగలుగుతున్నాను.

జూన్ 12

రాములమ్మ వచ్చింది. మా ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చింది, చంకలో నల్లకోడి. అమ్మ ఇచ్చిన నీళ్లు తాగింది. బోరింగు దగ్గరికి ఇంకా రానిస్తలేరంట. వెంకటన్న గుడిసె ఎనక గూడ ఒక బాణామతి పాతమంటది.

నాకేం రాదు పెద్దమ్మా, ఆ రోజు నీ కోసం అబద్ధం చెప్పిన అన్నాను. అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను.

మంత్రం వచ్చినోడు ఎవడన్న నాకొస్తదని చెప్తడా నాయనా అని నవ్వింది. పళ్లన్నీ ఉన్నాయి.