ఉలి ఆపు నాయనా

రమా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఊరి పనుల గురించి ఊరి మాటలోనే చెప్పాలని నువ్వు మొదలుపెట్టిన మన పాడ్‌కాస్ట్ ఆగలేదు. ఇప్పుడు ఇంటర్ పిల్లలు నడుపుతున్నారు. ఈసారి రాతి శిల్పాల గురించి చేద్దామంటే, నంద్యాల నుంచి వాళ్లను ఆళ్లగడ్డకు, మీ నాయన దగ్గరికే తీసుకొచ్చాను.

రికార్డింగ్ అయ్యాక ఆయన అడిగాడు. "పాపా, మా బిడ్డ గొంతు నీ కాడ ఉందా?"

నీ ఎపిసోడ్ పెట్టబోతే వద్దన్నాడు.

"అయ్యి రోజూ ఇంటానే ఉండా. నా మీద అరిచేది కదా, అది పెట్టు."

మైకు పెట్టగానే నువ్వు మీ నాయన పనిచేసే షెడ్డులోకి వేసే కేకను నేను ప్రతిసారీ కత్తిరించేదాన్ని. ఎడిట్ చేయని పాత ఫైళ్లలో వెతుకుతుంటే ఆయన మళ్లీ పనిలో పడ్డాడు. దొరికింది, పెట్టాను.

"నాయనా, ఉలి ఆపప్పా! రికార్డు చేస్తాండాం!"

ఆయన చేయి ఆగింది. ఉలి కింద పెట్టేశాడు.

"ఇంగ కొట్టుకో నాయనా" అని నువ్వు ఎప్పుడూ మైకు ఆపేశాకే చెప్పేదానివి. అది ఏ ఫైల్లోనూ లేదు.

పొద్దుగూకింది. పక్క షెడ్లలో ఉలులు మోగుతున్నాయి. మీ నాయన మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని ఇంకా అట్లాగే కూర్చుని ఉన్నాడు.