నాలుగు నొక్కితే వచ్చే పాఠం

టీవీ ఆఫీసు వాడుకదారుల విభాగం అధికారిణి గారికి,

దర్జీ నమస్కరించి రాయునది. ఇక్కడ క్షేమం అని రాయడం ఆనవాయితీ గానీ, అబద్ధం రాయలేను.

మా అక్కకు నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆరు నెలల్లోపు సాధన చేస్తే మాట తిరిగి వస్తుందనీ, ఆ తర్వాత కష్టమనీ డాక్టరు చెప్పాడు. మీ టీవీలో రోజూ పదింటికి మాటల పాఠం ఉంది. టీచరమ్మ ఒక బొమ్మ చూపిస్తుంది, అక్క దాని పేరు అనడానికి ప్రయత్నిస్తుంది, ఆకుపచ్చ బటన్ నొక్కితే ఇంకో బొమ్మ వస్తుంది. రిమోట్‌లో నాలుగు అంకె నొక్కితే పాఠం, అంతే. ఎడమ బొటనవేలితో అక్క తనే నొక్కుకునేది. ముందుగదిలో మిషన్ దగ్గర నా కుట్టు నేను కుట్టుకునేవాణ్ణి.

సోమవారం మీరు టీవీకి కొత్త ముఖం పెట్టారు. ఇప్పుడు నాలుగు నొక్కితే వంటల బొమ్మలు వస్తున్నాయి. పాఠం కావాలంటే కిందికి ఆరుసార్లు, పక్కకు అయిదుసార్లు నొక్కాలి. మధ్యలో పది సెకన్లు ఆగామా, కథ మళ్లీ మొదటికే. అక్క వేలు మూడో నొక్కుకే అలసిపోతోంది. విసుగొచ్చి రిమోట్‌తో గోడ బాదుతోంది. నేను మిషన్ ఆపి పరుగెత్తాలి. అసలు ఎవరిని అడిగి మార్చారు? మా పాత టీవీ మాకు ఇచ్చెయ్యండి.

ఇట్లు,
ఒళ్లు మండుతున్న దర్జీ

తా.క.: ఈ పరుగుల్లో నిన్న ఒకాయన కోటుకు రెండు వైపులా ఎడమ చెయ్యే అతికాను. ఆ పాపమూ మీదే.

---

మా అభిమాన ప్రేక్షకులు దర్జీ గారికి,

మీ ఉత్తరం చూసి ఎంతో సంతోషించాం. వాడేవాళ్లను మధ్యలో కూర్చోబెట్టి వాళ్ల చుట్టూ పనిచేయడం మా విభాగం పద్ధతి. ఏ ఇంట్లో ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో మాకు ఇక్కడ కనిపిస్తుంది. పోయిన వారం మీ ఇంట్లో రోజుకు తొమ్మిది వందల నొక్కులు. ఊరు మొత్తం మీద మీదే మొదటి స్థానం. మా మొదటి పేజీని ఇంత ఇష్టంగా చూస్తున్న ఇల్లు ఇంకొకటి లేదు.

ఉత్తరంలో కాస్త కోపం కనిపించింది. కొత్తలో అందరూ అలాగే అంటారు. మనిషి ఏమన్నా, వేళ్లు నిజం చెబుతాయని మా నమ్మకం.

ఇట్లు,
మీ ఆనందంలో పాలుపంచుకుంటున్న అధికారిణి

తా.క.: మీ ఉత్సాహం చూసి మొదటి పేజీకి ఇంకో రెండు వరసలు చేర్చాం.

---

అధికారిణి గారికి,

ఇష్టమా? దారి తప్పినవాడు ఒకే వీధిలో తొమ్మిది వందల సార్లు తిరిగితే ఆ వీధి మీద మోజుతో తిరిగినట్టా? నలభై ఏళ్లుగా కుడుతున్నాను. చొక్కా బిగిసి ఊపిరాడక మనిషి గింజుకుంటుంటే, నచ్చి చిందులేస్తున్నాడని ఏ దర్జీ అనుకోడు. మేం మనిషిని ఎదురుగా నిలబెట్టి టేపు పెట్టి కొలుస్తాం. మీరు ఆఫీసులో కూర్చుని నొక్కులు ఏరుకుంటున్నారు.

ఇక మీతో పని లేదు. ఎర్ర బటన్ నొక్కితే కిందటిసారి చూసిన కార్యక్రమమే వస్తుందని నేనే కనిపెట్టాను. రిమోట్‌కు మందపాటి గుడ్డతో తొడుగు కుట్టి, ఎర్రదానికొకటి, ఆకుపచ్చదానికొకటి కాజాలు తీశాను. మిగతా బటన్లన్నీ గుడ్డ కింద పడి ఉన్నాయి, ఉండనివ్వండి. మూడు రోజులుగా అక్కకు పాఠం దొరుకుతోంది. నిన్న గొడుగు బొమ్మ చూసి "గొ" అంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇట్లు,
రెండు కాజాల దర్జీ

తా.క.: మీ విభాగంలో అందరికీ తొడుగులు కుట్టి పంపమంటే పంపుతాను. నోళ్ల కొలతలు పంపండి.

---

దర్జీ గారికి,

మీ రెండో ఉత్తరం మా బల్ల మీదికి వచ్చేలోపే మా మెకానిక్ మీ ఇంటికి వచ్చి వెళ్లాడు. మూడు రోజులుగా మీ రిమోట్‌లో రెండు బటన్లే పనిచేస్తున్నట్టు ఇక్కడ కనిపించి కంగారుపడి పంపాం. ఎవరో దానికి గుడ్డ చుట్టేశారని, విడిపించి తెచ్చానని చెప్పాడు.

మీ మొదటి ఉత్తరం కూడా మళ్లీ తీసి చదివాం. వేలు అలసిపోతోందన్నారు కదా. అందుకే అసలు బటన్లే లేని కొత్త రిమోట్ ఇచ్చి రమ్మన్నాం. ఏం కావాలో నోటితో చెబితే చాలు.

ఇట్లు,
మీ వేలి బాధ తీర్చిన అధికారిణి

తా.క.: అక్కగారిని కాస్త గట్టిగా, స్పష్టంగా మాట్లాడమనండి.

---

అమ్మా అధికారిణీ,

మాట రాని మనిషికి మాటతో నడిచే రిమోటా? నా ఉత్తరంలో వేలి దాకా చదివి నోటి దాకా రాలేకపోయారా? నేను దారం కొనడానికి వెళ్లిన అరగంటలో మీ మెకానిక్ వచ్చి కొంప ముంచిపోయాడు.

పదకొండు రోజులైంది. "మీరన్నది అర్థం కాలేదు, దయచేసి మళ్లీ చెప్పండి" అని ఆ దిక్కుమాలిన రిమోట్ పొద్దస్తమానం ఒకటే సొద. అక్క మొహం కందగడ్డయిపోతోంది. నేను గదిలోకి వెళితే రిమోట్ దిండు కింద దాచి, తలుపు వైపు వేలు చూపించి బయటికి పొమ్మంటోంది. నా అక్కకు నా మీదే కోపం తెప్పించారు.

మనిషిని చూసుకోవడమంటే ఏమిటో నన్నడగండి. అక్కకు మంచినీళ్లు కావాలో దుప్పటి కావాలో మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. ఆమె నోరు తెరిచేలోపే తెచ్చి పెడతాను.

డాక్టరు చెప్పిన గడువుకు ఇంక మూడు వారాలే ఉంది. సోమవారం పదింటికి అక్కను కుర్చీతో సహా తెచ్చి మీ బల్ల ముందు కూర్చోబెడతాను. మీ పాఠం మీరే చెప్పుకోండి.

ఇట్లు,
కత్తెర పట్టుకుని రాస్తున్న దర్జీ

తా.క.: కత్తెర వెంట తేవాలా వద్దా అన్నది మీ జవాబును బట్టి.

---

దర్జీ గారికి,

ఇది విభాగం రాస్తున్న ఉత్తరం కాదు, నేను రాస్తున్నది. వేళ్లు నిజం చెబుతాయని రాసినందుకు సిగ్గుపడుతున్నాను. నాలుగు నొక్కితే పాఠం వచ్చే ఏర్పాటు నిన్ననే చేయించాను.

కొత్త రిమోట్‌తో అన్న మాటలన్నీ ఇక్కడ నిలవ ఉంటాయి. ఒకరింటి మాటలు వినడం తప్పే. మీరు వస్తున్నారన్న భయంతో పదకొండు రోజులవీ కూర్చుని విన్నాను.

మొదటి రోజు ఊ, ఆ తప్ప ఏమీ లేదు. రిమోట్ అర్థం కాలేదంటుంది, ఆమె మళ్లీ అంటారు. అలా రోజుకు మూడు వందల సార్లు. నాలుగో రోజు "పా" అన్నారు. తొమ్మిదో రోజు పదింటికి "పాఠం" అన్నారు. పాఠం వచ్చింది. పదో రోజు రిమోట్‌ను "నోరు ముయ్యి" అన్నారు. అంత స్పష్టంగా మా ఆఫీసులో కూడా ఎవరూ తిట్టరు.

మా రిమోట్ గొప్పదని కాదు, మీరన్నట్టు దిక్కుమాలినదే. కాకపోతే ఆమెకు ఏం కావాలో దానికి తెలియదు. అందుకని ఆమె చెప్పేదాకా ఆగింది.

సోమవారం ఇద్దరూ తప్పకుండా రండి. బటన్లున్న పాత రిమోట్ కావాలో, ఇదే ఉంచమంటారో ఆమెను నేనే అడుగుతాను. ఆ కాసేపూ మీరు దయచేసి బయట కూర్చోండి.

ఇట్లు,
మనిషి మాట ఇప్పుడే విన్న అధికారిణి

తా.క.: నిన్న ఆమె రిమోట్‌తో అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "తమ్ముడు మంచివాడు. నన్ను అడగనివ్వడు. నీళ్లు నేనే అడుగుతా." ఆ పేరుతో కార్యక్రమం ఏదీ లేదంది రిమోట్. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పారు.