పద్నాలుగు మంది, పద్నాలుగు గంటలు

ఛత్రినాక,
22 జూన్ 2025, ఆదివారం

చెల్లి సుజనకు,

నిన్ను అంత దూరం క్షేమంగా దించిన ప్రభువుకు ముందుగా స్తోత్రం చెప్పి, మీ అక్క లీలమ్మ రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. ఆక్లాండ్‌లో నర్సు పని మొదలైందని, చలి ఎక్కువని చెప్పావు. చెవులకు గుడ్డ కట్టుకో.

రోజూ ఫోన్‌లో మాట్లాడుతున్నా, నీ ప్రయాణం సంగతి రాస్తేనే కుదురుతుందనిపించింది.

విమానమంటే నీకెంత భయమో మాకు తెలుసు. ఆ ఉద్యోగం కోసం నాలుగేళ్లు పరీక్షలు రాశావు. ఎక్కకపోతే అదంతా పోయినట్టే. "నేను దిగేదాకా ఎవరో ఒకరు ప్రార్థన చేస్తనే ఉండాలె అక్కా, లేకుంటే ఎక్క" అన్నావు. సరే అన్నాను. మా అల్లుడు నగేష్ ఫోన్‌లో రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టి, "పదకొండు వేల ఏడువందల కిలోమీటర్లు అత్తమ్మా, పద్నాలుగు గంటలు" అన్నాడు. మన సంఘంలో నాతో కలిపి పద్నాలుగు మందిని చేర్చి మనిషికో గంట పంచాను. గొలుసు ప్రార్థన మనకు కొత్త కాదు. మీ అన్న కృపాకర్ మాత్రం "నాకు తెల్లారినంక గంట ఇయ్యి, రాత్రి మోకరిస్తే గట్లనే పండుకుంట" అన్నాడు. పక్కింటి పాల సక్కుబాయి "మీ లొల్లి మీది, నేను లాల్‌దర్వాజా అమ్మవారికి చెప్పేసిన" అంది.

రాత్రి పదకొండింటికి నీ విమానం లేచింది. మొదటి గంట నాది.

మర్నాడు మధ్యాహ్నం ఒకటిన్నరకు సింగపూర్ నుంచి ఫోన్ చేశావు. పొద్దంతా అక్కడ ఒక్కదానివే కూర్చుని భయం పెంచుకున్నావు. వచ్చిన విమానం మస్తు ఊగిందని ఏడ్చావు. "నాతోని కాదక్కా, రెండోది ఎక్క, ఇంటికొచ్చేస్త" అన్నావు. అంతలో నువ్వే "ఇప్పుడు ఎవరి గంట నడుస్తుంది?" అని అడిగావు. "మీ అన్నది. మోకాళ్ల మీద ఉన్నడు" అన్నాను. నవ్వావు. "అన్ననే మోకాళ్ల మీద ఉన్నడంటే ఎక్కుత తియ్యి" అన్నావు. ఎక్కావు.

ఇప్పుడు కృపాకర్ బస్ డిపోలో "మా చెల్లె విమానం నా ప్రార్థనతోనే దిగింది" అని చెప్పుకు తిరుగుతున్నాడు. సక్కుబాయి ఒప్పుకోదు. "ఊగుడు ఆపింది మా అమ్మవారు" అంటుంది.

వేళకు తిను. ప్రార్థన మరవకు.

నీ మేలు కోరే
పెద్దక్క లీలమ్మ

తా.క.: ఒక మాట దాచాను. నగేష్ ఫోన్ చెప్పింది ఎక్కడా ఆగకుండా పోతే పట్టే సమయం. సింగపూర్‌లో మారాలని నువ్వు చెప్పావు. కోఠీలో బస్సు మారినట్టు దిగి ఎక్కడమే అనుకున్నాం. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటావని ఎవరికీ తట్టలేదు. మా లెక్క ప్రకారం ఒంటి గంటకే నువ్వు ఆక్లాండ్ చేరావు. ఆమెన్ చెప్పి అందరం మా ఇంట్లో బగారన్నం ముందు కూర్చున్నాం. నీ ఫోన్ వచ్చినప్పుడు ఎవరి గంటా లేదు. కృపాకర్ చేతిలో కోడికాలు ఉంది.

ఫోన్ పెట్టేసి సంగతి చెప్పాను. వాడు కోడికాలు పళ్లెంలో పెట్టి, "అక్కా, నువ్వు... అబద్ధమాడినవా?" అని నోరు తెరిచాడు. వెంటనే లేచాడు. నువ్వు దిగేదాకా అందరూ మళ్లీ గంటలు పంచుకున్నారు. సక్కుబాయి కూడా వచ్చి "నాకో గంట రాయి" అంది.

క్షమించు సుజనా. నా అబద్ధం మీ అన్న చెయ్యి కడుక్కునేంత సేపే అబద్ధంగా ఉంది.