నడిమి ముక్క

ఆగస్టు 10

నూట ఇరవై రెండో పేజీ పంపేశాను, పొద్దున్న ఎనిమిదికే. ఆదివారం నా బొంత పేజీ రాకపోతే, రంగులేసుకునే మా వాట్సాప్ గ్రూపులో వాళ్లకి టిఫిన్ గొంతు దిగదట. గ్రూపు నడిపే మేరీ టీచర్ అంటారు.

ఈసారిది నాకే నచ్చింది. చుట్టూ త్రికోణాలు, లోపల రెండు వరసల చదరాలు, మధ్యలో ఒక పెద్ద ముక్క. సబ్బవరంలో అత్తమ్మ పాత చీరలతో కుడుతున్న బొంత ఇది. పోయిన నెల వెళ్లినప్పుడు ఆవిడ పెరట్లో ఉంటే గబుక్కున ఫోటో తీసుకున్నాను. ఎవరి కోసం కుడుతోందో అడగలేదు. ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. పైకి అనుకోం, అంతే.

మధ్య ముక్కకి ఒక పక్క కుట్టు లేదు. పని మిగిలిపోయింది కాబోలని నేనే గీత కలిపేశాను. కలపక తప్పదు. ట్యాబ్‌లో గడిని వేలితో తాకితే రంగు నిండుతుంది, కానీ వెంట్రుకంత సందున్నా బయటికి పారి పేజీ మొత్తం ముంచేస్తుంది. నా పనిలో సగం గీయడం, మిగతా సగం సందులు వెతకడం.

గీస్తుంటే లోపల తన్నింది. తన్నాడు... ఏదో ఒకటి. రాయను.

ఆగస్టు 11

రంగులేసిన పేజీలు వస్తూనే ఉన్నాయి. బ్యాంకులో రిటైరైన ఒకాయన మొత్తం బూడిద రంగే వేశాడు. ఏం కష్టమొచ్చిందో పాపం. ఒకావిడ మధ్య ముక్కని ఎర్రగా నింపేసి, "గుండెకాయలా ఉంది కదూ" అని రాసింది.

నా సంగతి వీళ్లలో ఎవరికీ తెలీదు. మొదటిసారి నాలుగో నెలలో పోయింది. రెండోసారి ఆరో నెలలో. ఆ తర్వాత గోడ చూస్తూ పడుకున్న రోజుల్లోనే ఈ గీతలు మొదలెట్టాను. ఇప్పుడు మళ్లీ ఏడో నెల... ఈసారి ఎవరికీ చెప్పొద్దని మా ఆయన రాజూ నేనూ ఒట్టేసుకున్నాం. సీమంతం లేదు, ఫోటోల్లేవు. ఎదురింటావిడ పొట్ట చూసి నవ్వితే తలుపేసుకుంటాను.

ఆగస్టు 16

అత్తమ్మ వచ్చింది. నాట్లు అయిపోయాయట. కాన్పు అయ్యేదాకా ఇక్కడే.

"మీయమ్మ లేకపోతే నాను లేనేటి?" అంది చెప్పులు విప్పుతూనే. అమ్మ పోయి ఆరేళ్లు. ఆ మాటకి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఒక గుడ్డ సంచి తెచ్చింది. రాజు లోపల పెడతానంటే చెయ్యి వెయ్యనివ్వలేదు. బొంత అందులో ఉన్నట్టుంది.

ఆగస్టు 17

చూపించకుండా ఉండాల్సింది.

మెచ్చుకుంటుందని చూపించాను. ట్యాబ్ ఒళ్లో పెట్టి, "చూడత్తా, నీ బొంతకి ఎంతమంది రంగులేశారో" అని ఒక్కొక్కటీ జరుపుతున్నాను. పచ్చది, నీలంది, బూడిదది. నవ్వుతూనే ఉంది. ఎర్రముక్క పేజీ దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది... మూసీసినావేటమ్మీ?"

"ఏది?"

"నడిమి ముక్క."

మూశానన్నాను. ఎంతమంది చూశారని అడిగింది. చాలామంది అన్నాను, ఇంకా గర్వంగానే. ట్యాబ్ నా చేతికిచ్చి కొంగుతో వేళ్లు తుడుచుకుంది.

"ఏటీ లేదులే. కూరకేటి సేద్దారి?"

ఆనపకాయ అన్నాను. మధ్యాహ్నం కూరలో ఉప్పు లేదు. అత్తమ్మ ఉప్పు మరచిపోవడం ఈ ఎనిమిదేళ్లలో చూడలేదు.

ఆగస్టు 18

రాజుని అడిగితే, "ఆడోళ్ల సంగతులు నాకేటి తెలుసే?" అని డ్యూటీకి వెళ్లిపోయాడు. పోర్టులో క్రేను మీద కూర్చునే మనిషికి కింద జరిగేవన్నీ చిన్నవే.

చివరికి ఆవిడ్నే పట్టుకున్నాను. చెప్పనంది, తర్వాత చెప్పింది. కడుపులో ఉన్న బిడ్డకి బొంత కుడితే నడిమి ముక్క ఒక పక్క తెరిచే ఉంచాలి. బిడ్డ పుట్టి ఏడ్చాక, మొదట చుట్టిన గుడ్డలోంచి చిన్న పేలిక కోసి అందులో పెట్టి, అప్పుడు కుడతారు. వాళ్ల అమ్మ అలాగే చేసింది, అమ్మమ్మా అలాగే.

"ఏడుపు ఇన్నాకే మూయాల. ముందే మూసీసినారంటే..."

"అంటే?"

"అంటే ఏటీ లేదు. నువ్వు ముయ్యలేదు కదా, బొమ్మలో కదా. బొమ్మకేటౌద్ది?"

నన్ను ఓదారుస్తోంది. కానీ ఆవిడ మొహం చూశాను నేను.

నమ్మను. బీయస్సీ చదివాను. నమ్మను. ఇది మూడోసారి రాస్తున్నాను, నమ్మను.

ఆగస్టు 19

"ముందు రెండుసార్లూ కుట్టావా అత్తా?"

కుట్టిందట. నాకు తెలీదు. రెండూ సబ్బవరంలో ట్రంకు పెట్టెలో ఉన్నాయట, వేపాకు వేసి.

"మూసేశావా వాటిని?"

"ఎలాగ మూత్తానమ్మీ?"

ఇద్దరం ఏడ్చాం. ఇన్నేళ్లలో మొదటిసారి కలిసి ఏడ్చాం.

తర్వాత బుర్ర లెక్కలు మొదలెట్టింది. ఆ రెండూ తెరిచే ఉన్నాయి కదా, అయినా బిడ్డలు నిలవలేదు. అంటే తెరవడానికీ మూయడానికీ బిడ్డ నిలవడంతో ఏ సంబంధమూ లేదు. శుద్ధ తర్కం. గంటసేపు హాయిగా ఉన్నాను. గిన్నెలు తోముతుంటే ఇంకో ఆలోచన వచ్చింది. తెరిచి ఉంచితేనే అలా అయింది, మరి మూస్తే?

గిన్నె జారిపోయింది. స్టీలుదే. చప్పుడుకి లోపల ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటుకి కూడా సంతోషించాను.

ఆగస్టు 21

గ్రూపులోంచి ఆ పేజీ వెనక్కి తీసుకుందామని చూశాను. గడువు దాటిపోయింది, అందరి ఫోన్లలోంచీ తీసేయడం కుదరదట. నా ఫోన్లోంచి మాత్రం తీసేశాను. ఎవరికి ఉపయోగం?

ఇంకా ఉంది. మేరీ టీచర్ తగరపువలసలో ఆ పేజీ ప్రింట్లు తీయించి, చర్చిలో ఆదివారం బడి పిల్లలకి పంచారట. ఫోటో పెట్టారు. బల్ల నిండా క్రేయాన్లు, చిన్న చిన్న చేతులు. ప్రతి పేజీలోనూ ముందు మధ్య ముక్కే నింపారు, పెద్దది కదా. ఒకడు గీత మీద గీత పెట్టి నల్లగా దిద్దాడు.

"పిల్లలకి ఎంత నచ్చిందో చూడమ్మా" అని కింద రాశారు. చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. ఇంకేం పెట్టను?

ఆగస్టు 24

సరిచేసిన పేజీ పంపాను. ఒక పక్క గీత చెరిపేసి, "పాతది తీసేసి ఇది వాడండి" అని.

పది నిమిషాలకే ఫిర్యాదులు. గీత తెగింది తల్లీ. రంగంతా పారిపోతోంది. ఈవారం చూసుకోలేదా? ఎవరో మునిగిన పేజీ పెట్టారు. మధ్యలో తాకారు, ఎరుపు బయటికి వచ్చి చదరాల మధ్య నుంచి అంచులదాకా... పేజీ అంతా ఎరుపు.

అలాంటిది ఒకసారి చూశాను నేను. పక్క మీద. ఆరో నెలలో.

ట్యాబ్ బోర్లా పెట్టేశాను. మూస్తే అదొక భయం, తెరిస్తే ఇదొక భయం. ఎటు పోను?

ఆగస్టు 30

తన్నులు లెక్కపెడుతున్నాను. మధ్యాహ్నం భోజనం తర్వాత పది. చాలు ఇవాళ్టికి.

సెప్టెంబరు 6

అత్తమ్మ కిటికీ దగ్గర కూర్చుని బొంత అంచు కుడుతోంది. మధ్య ముక్క మీద తెల్ల తువ్వాలు కప్పింది. పోర్టు వైపు నుంచి గాలి వీస్తే కిటికీలో నల్ల పొడి పడుతుంది కదా, అందుకట. అందుకు కాదని ఇద్దరికీ తెలుసు.

నా పెళ్లి నాటి లంగా ముక్క ఉంది అందులో. మా అమ్మ చీర ముక్కా ఉంది. ఆ చీర ఎప్పుడు అడిగి తీసుకుందో!

"నీకు భయం లేదా అత్తా?"

"భయం లేకండా పిల్లల్ని కన్నోలెవులమ్మీ?" అంది, సూది ఆపకుండా.

సెప్టెంబరు 9

మేరీ టీచర్ ఫోన్. రెండు వారాలుగా నేను గ్రూపులో మాట్లాడటం లేదట. ఒంట్లో బాగుందా అన్నారు. బాగుందన్నాను.

"ఆ బొంత ఎవరి కోసమమ్మా?"

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"సరే సరే. నానేటీ అడగనమ్మా. మా అమ్మ కూడా బొంతలు కుట్టేది" అన్నారు. తర్వాత టీచరు గొంతు వచ్చేసింది. "తెరిసిన గడిలో రంగు పొయ్యకూడదంతే. కుంచె తీసుకుని చేత్తో చుట్టూ రాసుకోవచ్చు కదా? ఈళ్లందరికీ ఒక్క తాకుడుకి అయిపోవాల! నాను చెప్తాను, నువ్వు పడుకో."

పెట్టేశాక ఏడుపొచ్చింది. చెప్పకుండానే తెలిసిపోతే ఒట్టు తప్పినట్టా? తప్పనట్టే అని తేల్చుకున్నాను.

సెప్టెంబరు 14

వస్తున్నాయి. చేత్తో రంగు రాసిన పేజీలు. గీతలు దాటిన రంగులు, వణికిన అంచులు, సగం నిండిన త్రికోణాలు. మధ్య ముక్క మాత్రం అందరిదీ తెల్లగా ఉంది.

బ్యాంకాయన ఊరుకోలేదు. మధ్యలో ఎందుకు వదిలేయాలని అడిగాడు. "ఆ ముక్క ఇంకా రాలేదండి" అని టీచర్ జవాబు. ఇంకెవరూ అడగలేదు. సాయంత్రం ఆయన పేజీ వచ్చింది. ఈసారి పసుపూ ఆకుపచ్చా. బూడిద రంగు ఎక్కడా లేదు.

అత్తమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పేజీలో మధ్య భాగమే చూసింది. "మంచోళ్లే" అంది. కూరలో ఉప్పు సరిపోయింది.

మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నాను. నెల రోజుల తర్వాత.

సెప్టెంబరు 20

భయం ఎక్కడికీ పోలేదు. ఉమ్మనీరు కొంచెం తక్కువుందట. సీతమ్మధారలోనే, మా వీధి చివరి క్లినిక్. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. కంగారు లేదు, కదలికలు చూసుకో, తగ్గితే ఒక్క నిమిషం ఆగకుండా వచ్చెయ్.

"కొంచెం అన్నాది కదే, కొంచెమేలే" అన్నాడు రాజు. నాకు ధైర్యం చెబుతూ బండి తాళం రెండుసార్లు కింద పడేశాడు.

సెప్టెంబరు 21

ఆదివారం. పేజీ పంపలేదు. తొమ్మిది తన్నులు. పదోదాని కోసం సాయంత్రందాకా కూర్చున్నాను. వచ్చింది.

సెప్టెంబరు 25

నిన్న పన్నెండు. ఇవాళ ఏడు. అత్తమ్మకి పది అని చెప్పాను.

సెప్టెంబరు 26

అబద్ధం ఎందుకు చెప్పానో తెలీదు. ఇవాళ నిజంగానే పది. దేవుడా, ఇంకెప్పుడూ చెప్పను.

సెప్టెంబరు 28

క్లినిక్‌లో రాస్తున్నాను.

పొద్దున్న లేచాక ఏమీ లేదు. పంచదార నీళ్లు తాగాను. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. ఏమీ లేదు. అత్తమ్మ నా మొహం చూసింది. గుడ్డ సంచి భుజాన వేసుకుని తలుపు తాళం వేసేసింది. వీధి చివరిదాకా నడిచాం. ఆ కాస్త దూరమూ నా మోచెయ్యి వదల్లేదు.

యంత్రం పెట్టారు. చాలాసేపు గరగర... తర్వాత దొరికింది. గుండె కొట్టుకుంటోంది. ఉంది! కానీ మధ్యమధ్యలో మందగిస్తోందట. డాక్టరమ్మ యంత్రంలోంచి వచ్చిన చీటీ చూసి, "ఇంక ఆగొద్దమ్మా, ఇప్పుడే తీసేద్దాం" అంది. ఎనిమిదో నెలే కదండీ అన్నాను. పిల్లల డాక్టర్ బయల్దేరారట. మత్తు డాక్టర్ అరగంటలో వస్తారు. ఆ అరగంటలో ఇది రాస్తున్నాను.

రాజు క్రేను మీద ఉన్నాడు. ఫోన్ కిందే పెట్టి ఎక్కుతారు. ఎవరో ఎత్తి, "సెప్తానమ్మా, దింపేత్తాను" అన్నారు. దిగాడో లేదో.

గ్రూపులో ఒకరు ఈవారం పేజీ ఏదని అడిగారు. "ఈవారం ఆగండి, ప్రార్థన చేయండి" అని మేరీ టీచర్ జవాబు. ఆవిడకి నేనేమీ చెప్పలేదే... బ్యాంకాయన దండం బొమ్మ పెట్టాడు. ఎందుకో అడగలేదు.

చాలా భయంగా ఉంది. ఇంతకంటే వేరే మాట లేదు నా దగ్గర.

గాజులు తీయమన్నారు. తీసి అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ బొంత బయటికి తీసి ఒళ్లో పరుచుకుంది. మధ్య ముక్క మీద తువ్వాలు లేదు. సూదిలో ఎర్రదారం ఎక్కించడానికి ప్రయత్నిస్తోంది, కళ్లు ఆనడం లేదు. నాకిమ్మన్నాను. మూడోసారికి ఎక్కింది. కొసన ముడి వేయబోతే ఆపేసింది.

"ముడి నానేత్తాను. ఏడుపు ఇననీ."

"వినపడుతుందా అత్తా ఇక్కడికి?"

"తలుపు కాడే కూకుంతాను."

పిలుస్తున్నారు. ఈ పేజీలో ఇంకా సగం ఉంది. రోజూలా కింద గీత కొట్టి మూసేయడం లేదు.